అడుగులున్న దెయ్యం

సినిమాల్లో మీరు వినే అడుగులు ఆ హీరోలవీ కావు, హీరోయిన్లవీ కావు. చాలావరకు నావి. షూటింగులో మాటలు పట్టుకోవడానికే మైకులు చాలవు, ఇక కాళ్ల సంగతి ఎవరికి పడుతుంది? అందుకని సినిమా తీయడం అయ్యాక మాలాంటివాళ్లం ఒక గదిలో తెర ముందు నిలబడి, తెర మీద ఎవరు నడిస్తే వాళ్లతో పాటు నడుస్తాం. ఆ చప్పుడు రికార్డు చేసి సినిమాకి అతికిస్తారు. ఈ పనిని ఫోలీ అంటారు. మా అమ్మ మాత్రం ఇన్నేళ్లయినా "మా అమ్మాయి సినిమాల్లో నడుస్తుంది" అనే చెబుతుంది. వినేవాళ్లు నేనేదో గుంపులో నడిచే వేషాలు వేస్తాననుకుని జాలిపడతారు.

మా గది ఇంటి వెనక భాగంలోనే ఉంది. వంటింటికీ దానికీ మధ్య ఒకటే తలుపు. నేల మీద చదరాలు చదరాలుగా కంకర, ఇసుక, చెక్క, గచ్చు, ఎండుటాకులు. ఒక మూల చెక్కమెట్లు, ఎక్కితే ఎక్కడికీ వెళ్లవు. గోడ వారగా బూట్లు, చెప్పులు, ఎత్తు మడమల జోళ్లు నిండిన అలమర. అద్దానికి అవతల మా ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటారు. పెళ్లయిన కొత్తలో ఈ మనిషి నా మాట వింటాడో లేదోనని అమ్మ బెంగపెట్టుకుంది. రోజంతా నన్ను వినడమే ఆయన ఉద్యోగమని ఆవిడకి ఆలస్యంగా అర్థమైంది.

పనిలో నాకొక నియమం ఉంది. కథ ముందుగా వినను. కాళ్లకి రహస్యం దాచడం చేతకాదు. ఫలానా ఆవిడే హంతకురాలని నాకు తెలిస్తే, ఆవిడ మొదటి సీన్లో టీ కప్పు పట్టుకుని వస్తున్నప్పుడే నా అడుగు ఇసుమంత బరువుగా పడుతుంది. చూసేవాడికి ఎందుకో తెలియకుండానే అనుమానం పుడుతుంది. అందుకే మాటలు తీసేసి, సీన్లు వరస తప్పించి, కలగాపులగంగా పెట్టమంటాను. తెర మీద ఎవరు నడిస్తే వాళ్లకి అడుగు, అంతే. కథ చెప్పబోయిన ఒక నిర్మాతని గది బయటికి పంపి గడియ పెట్టిన చరిత్ర నాది. మా ఆయన ఈ నియమాన్ని నాకన్నా నిష్ఠగా పాటిస్తారు. చివరికి కొంప మీదికి తెచ్చింది ఆ నిష్ఠే.

మా తమ్ముడు సినిమా డైరెక్టరు. ఈ ముక్క మా ఇంట్లో ఎవరూ నవ్వకుండా అనలేరు. వాడి మొదటి సినిమాకి హాల్లో సగంమంది మా చుట్టాలే. ఇంటర్వెల్లో మిగతా సగం లేచిపోతే చుట్టాలు మొహమాటానికి కూర్చున్నారు. రెండోది డబ్బా దాటి బయటికి రాలేదు. మూడోది మొదలుపెట్టేముందు వాడి మామగారు మాట తీసుకున్నారు. ఆయనది పరుపుల కొట్టు. ఈ సినిమా ఎవరైనా హాల్లో వేస్తే సరేసరి, లేదంటే వచ్చే ఒకటో తారీకు నుంచి అల్లుడు కొట్లో కూర్చోవాలి. ఆయన చెడ్డవాడేం కాదు. అల్లుడి కోసం కొత్త కుర్చీ కొని, ప్లాస్టిక్ కవరు తీయకుండా గల్లాపెట్టె పక్కన వేసి ఉంచారు. తమ్ముడు ఆ వీధిలోంచి వెళ్లినప్పుడల్లా అది కనిపిస్తుంది. "ఆ కుర్చీ చూసిన రోజు నాకు నిద్ర పట్టదక్కా, అదీ పరుపుల కొట్లో" అన్నాడొకసారి.

వాడు తీసింది హారర్. ఆ సంగతి మా ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు. ఎవడైనా "థ్రిల్లరా?" అని అడిగితే వాడికి ఒళ్లు మండేది. థ్రిల్లర్ తీయడానికి తెలివుంటే చాలనీ, హారర్ తీయాలంటే గుండె కావాలనీ వాడి సిద్ధాంతం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందని అడిగితే మా అమ్మని చూపించేవాడు. అమ్మ హారర్ సినిమాకి వెళ్తే రెండు చేతులతో కళ్లు మూసుకుంటుంది, వేళ్ల సందుల్లోంచి కూడా చూడదు. థ్రిల్లర్‌కి వెళ్తే కళ్లూ మూసుకోదు, నోరూ మూసుకోదు. "ఆ తలుపు తియ్యకే పిచ్చిమొహమా, వెనకవైపు నుంచి పో" అని తెర మీది వాళ్లకి సలహాలిస్తుంది. అమ్మ చేత కళ్లు మూయించగలిగితే తన జన్మ ధన్యమని తమ్ముడు అందరి దగ్గరా అనేవాడట, నాకు ఇదంతా తర్వాత తెలిసింది.

సీన్లు నా గదికి వచ్చాయి. ఒక అమ్మాయి మేడ మీద వాటాలో ఒంటరిగా ఉంటుంది. కింది వాటాలో ఒకాయన ఉంటాడు. ఆమెకి పాలప్యాకెట్ తెచ్చి ఇస్తాడు, బల్బు మారుస్తాడు, గొడుగు అరువిస్తాడు. మరికొన్ని సీన్లలో బూడిదరంగు కోటూ టోపీ వేసుకున్న మనిషి, ఒళ్లంతా తడిసి, మెట్లెక్కి వస్తుంటాడు. మొహం కనిపించదు, వీపే. నాకు మొహంతో పని లేదు. కోటు మనిషి నడక చూడగానే వీడు కింది వాటా వాడేనని తెలిసిపోయింది. ఎడమకాలు కొంచెం ఆగి పడుతోంది. కోటు వేసుకుంటే కడుపు దాగుతుందేమో గానీ నడక దాగదు. ఒకే మనిషి కాబట్టి ఒకే జత బూట్లు తీశాను. పాలు తెచ్చేటప్పుడు పొడిగా, కోటు వేసుకున్నప్పుడు లోపల తడిగుడ్డ కుక్కి.

ఆ బూట్లు మా నాన్నవి. నాన్న బస్సు కండక్టరు. బూట్లు అరిగిపోకుండా మడమలకి ఇనప నాడాలు కొట్టించుకునేవాడు. ఎడమ నాడా ఎన్నిసార్లు బిగించినా వదులే. కుడికాలు టక్కుమంటే ఎడమకాలు టప్పుమనేది. నా చిన్నప్పుడు మాదీ మేడ మీద వాటాయే. సాయంత్రం వీధి మలుపులో టక్, టప్ అని వినపడగానే ఇంట్లో ఎవరి పనిలో వాళ్లం పడేవాళ్లం. తమ్ముడు పేకముక్కలు పరుపు కిందికి తోసేవాడు. నేను పాఠం పుస్తకం తెరిచేదాన్ని. అమ్మ టీకి స్టవ్ వెలిగించేది. నాన్న మెట్లెక్కి తలుపు తీసేసరికి మా అంత బుద్ధిమంతులు ఊళ్లో ఉండేవాళ్లు కాదు. ఒకసారి పుస్తకం తలకిందులుగా పట్టుకుని దొరికిపోయాను. అప్పుడు కూడా నాన్న ఏమీ అనలేదు, టీ తాగుతూ నవ్వుకున్నాడు.

నాన్న పోయాక ఆయన బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేస్తూ, బూట్లు మాత్రం నా చేతిలో పెట్టి "నీ పనికి అక్కరకొస్తాయేమో చూడవే" అంది అమ్మ. రెండేసి మేజోళ్లు తొడిగితే నాకు సరిపోతాయి. వాటితో పోలీసునై నడిచాను, జడ్జినై నడిచాను, ఒకసారి పెళ్లికొడుకునై కూడా నడిచాను. మా తమ్ముడు ఎప్పుడూ అద్దం అవతలి నుంచే మాట్లాడి వెళ్లిపోయేవాడు, నా అలమరలో ఏముందో వాడికి తెలియదు.

తమ్ముడు మా ఆయనకి ఒక మాట చెప్పి వెళ్లాడట. ఆ కోటు మనిషి బతికున్నవాడు కాదు బావా, చెరువులో మునిగిపోయిన మొగుడు, వాడికి అడుగులు వేయించొద్దు, అక్కకి చెప్పు అని. మరి ఇద్దరి నడకా ఒకటే ఎందుకంటే, ఇంకో నటుణ్ణి పెట్టుకునే స్తోమత లేక, కింది వాటా ఆయనకే కోటు తొడిగి వెనక నుంచి తీశాడు. పైగా ఆ నటుడికి కాలికి ఆనెకాయ.

మా ఆయన ఈ మాట నాకు చెప్పలేదు. చెబితే నియమం చెడుతుంది. నన్ను నా ఇష్టం వచ్చినట్టు నడవనిచ్చి, మిక్సింగ్ అంతా అయ్యాక కోటు మనిషి అడుగులు మాత్రం తీసేద్దామనుకున్నారు. నా నియమమూ నిలుస్తుంది, వాడి దెయ్యమూ నిలుస్తుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ తీసేయడానికి ఒక రోజు కావాలి కదా.

సినిమాహాలు ఓనరమ్మ ఆ రోజు మిగల్చలేదు. ఆవిడకి ఒకటే హాలు, దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటుంది. ఏ సినిమా అయినా ముందు ఒక మధ్యాహ్నం ఆట మామూలు జనానికి వేసి, తను వెనక నిలబడి తెరని కాకుండా జనాన్ని చూస్తుంది. వాళ్లు కదలకుండా కూర్చుంటే హాలిస్తుంది, కదిలితే ఇవ్వదు. తమ్ముడికి గురువారం అని చెప్పిన మనిషి మంగళవారం పొద్దున్నే ఫోన్ చేసి, ఇవాళ వేయాల్సిన సినిమా రాలేదు, మీది పట్టుకొచ్చేయండి అంది. తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. మా ఆయన గాభరాగా కాపీ తీసిచ్చారు. ఇద్దరూ కలిసి బండెక్కి వెళ్లారు. అడుగులు అడుగుల్లాగే ఉన్నాయి.

మధ్యాహ్నానికి మేమంతా హాల్లో ఉన్నాం. తమ్ముడికి ఇటు అమ్మ, అమ్మకి ఇటు నేను, నా పక్కన మా ఆయన. ముందు వరసలో మామగారు. ఓడిపోతే అల్లుణ్ణి అటునుంచి అటే కొట్టుకి తీసుకుపోవడానికి వచ్చినట్టు కారు తాళాలు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. తమ్ముడు పాప్‌కార్న్ పొట్లం ఒళ్లో పెట్టుకున్నాడు గానీ ఒక్కటీ తినలేదు. వాడి చూపు తెర మీద లేదు. అమ్మ చేతుల మీద ఉంది.

మేడ మీద అమ్మాయి దీపం ఆర్పింది. కోటు మనిషి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. అమ్మ చేతులు మొహం వైపు లేచాయి. టక్, టప్. వెనకే తడి చప్పుడు. నాకు పని శుభ్రంగా వచ్చిందని సంతోషం కలిగింది. మా ఆయన మాత్రం సగం లేచి, నుదురు కొట్టుకుని, మళ్లీ కూర్చున్నారు. తమ్ముడు కొయ్యబారిపోయాడు. అమ్మ చేతులు సగంలోనే ఆగి, మెల్లగా ఒళ్లోకి దిగాయి. ఆవిడ ముందుకు వంగి, కళ్లు విప్పార్చుకుని చూస్తోంది. తమ్ముడి జన్మ ధన్యం కాలేదు.

తర్వాతి సీన్లో కింది వాటా ఆయన పాలప్యాకెట్ పట్టుకుని వచ్చాడు. టక్, టప్. పొడిగా. హాల్లో ఒక గుసగుస పుట్టి వరసలు దాటింది. "అదే నడకరా" అని ఎవరో అన్నారు. తెర మీద అమ్మాయి ఆయనతో, మీరు కింద ఉన్నారనే ధైర్యంతోనే ఇక్కడ ఉంటున్నానండీ అంది. హాలు హాలంతా మూలిగింది. ఇక అక్కడి నుంచి ఒక్కడు కదిలితే ఒట్టు. కింది వాటా ఆయన బల్బు మారుస్తుంటే ఊపిరి బిగబట్టారు. గొడుగు ఇస్తుంటే తిట్టారు. తమ్ముడు కేవలం కాస్త తెరిపి కోసం పెట్టిన సీన్లన్నీ జనం దృష్టిలో ఆధారాలైపోయాయి. ఆ అమ్మాయి గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేసరికి ముందు వరసలోంచి ఒక భారీ మనిషి లేచి నిలబడి అరిచాడు.

"ఆ పాలు తాగకమ్మా, వాడే వీడు!"

ఆ మనిషి మామగారు. ఎవరో చొక్కా పట్టుకుని లాగితే గానీ కూర్చోలేదు.

చివరి సీన్ తమ్ముడు ఎంతో మురిపెంగా తీసుకున్నది. అమ్మాయి తలుపు తీస్తుంది, ఎవరూ ఉండరు, మెట్ల మీద తడి అడుగుజాడలు మాత్రం ఉంటాయి. ఆ తర్వాత కింది వాటా ఆయన ఎప్పటిలాగే తన ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంటాడు. పైన ఇంత ఘోరం జరుగుతున్నా కింద లోకం మామూలుగానే ఉందని వాడి భావం. కానీ ఆయన టక్, టప్‌మంటూ నడిచి వెళ్లి, తలుపు మూసి, గడియ పెట్టుకునేసరికి హాల్లో కేకలు, చప్పట్లు. బయటికి వస్తూ జనం కథని ఇంకా ముందుకి నడిపించారు. పై వాటా ఖాళీ చేయించడానికే వాడు దెయ్యం వేషం కట్టాడని ఒకడు, కాదు, మొగుణ్ణి చెరువులో తోసిందే వాడని ఇంకొకడు. ఇంత తెలివి మా తమ్ముడికి ఎక్కడిదని నాకే ఆశ్చర్యం వేసింది.

లైట్లు వెలిగేసరికి తమ్ముడు సీట్లో లేడు. పాప్‌కార్న్ పొట్లం నిండుగా వాడి సీటు కింద మూలకి నెట్టి ఉంది. కోపంతో విసిరేసి పోయాడనుకున్నాను.

ఓనరమ్మ గుమ్మం దగ్గర ఎదురైంది. మొహం వెలిగిపోతోంది. థ్రిల్లర్ అని ముందే చెప్పొచ్చు కదా, దెయ్యం సినిమా అంటారేమిటని చీవాట్లు పెట్టింది. శుక్రవారం నుంచి హాలిస్తానంది. రెండే షరతులు. పోస్టరు మీద థ్రిల్లర్ అని పడాలి, ఆఖర్న తెర నల్లబడ్డాక ఆ అడుగులు ఇంకొంచెంసేపు వినిపించాలి. రేపు పొద్దునకల్లా మీ అబ్బాయి ఔననో కాదనో చెప్పాలి అని అమ్మతో అంది. మామగారు ఆవిడ పక్కనే నిలబడి, పాల సీన్లోనే తను కనిపెట్టేశానని దారిన పోయేవాళ్లకి చెబుతున్నారు.

ఇంటికి వచ్చాక మా ఆయన జరిగింది చెప్పారు. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. కథ చెప్పొద్దన్నాను గానీ పని చెప్పొద్దన్నానా, ఈ మనిషికి అడుగులు వద్దు అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేదని అడిగాను.

"ఆ ఒక్క మాట అంటే వాడు దెయ్యమని నీకు తెలిసిపోదా?" అన్నారాయన నెమ్మదిగా.

తెలిసిపోతుంది. అందుకే కోపం ఇంకాస్త పెరిగింది. తమ్ముడు వస్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఒకే మనిషికి రెండు వేషాలు వేసింది నువ్వు, నా కాళ్లననకు అని. తప్పు నాదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. అయినా లోపల పీకుతూనే ఉంది. వాడు మూడేళ్లు తిండీ నిద్రా మాని కన్న బిడ్డకి నేను పరాయి కాళ్లు అతికించాను.

వాడు పొద్దుగూకే వేళకి వచ్చాడు. అరవలేదు. నా గదిలోకి, అద్దానికి ఇటువైపుకి వచ్చి, కంకర చదరం పక్కన గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. నేను సిద్ధం చేసుకున్నదంతా మింగేసి, తీసేద్దాంరా అన్నాను. ఒక్క మీట నొక్కితే నీ దెయ్యం నీకొస్తుంది, ఆవిడకి మళ్లీ చూపిద్దాం, లేకపోతే ఇంకో హాలు చూద్దాం అన్నాను. అడుగులు లేకుండా ఒకసారి వెయ్యి బావా అన్నాడు వాడు.

అమ్మ కూడా వచ్చి కుర్చీలో కూర్చుంది. దీపాలు తీసి సీన్ వేశారు. కోటు మనిషి మెట్లెక్కి వస్తున్నాడు. చప్పుడు లేదు. కాలు మెట్టు మీద పడుతోంది, చప్పుడు లేదు. వాడు ఎంత దూరంలో ఉన్నాడో తెలియడం లేదు, ఎప్పుడు తలుపు దగ్గరికి వస్తాడో తెలియడం లేదు. నా జన్మంతా అడుగులు వేస్తూ బతికినదాన్ని, అడుగు లేకపోతే ఇంత భయంగా ఉంటుందని నాకే తెలియదు. అమ్మ వైపు చూశాను. రెండు చేతులతో కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. వాడి కొలత ప్రకారం వాడు గెలిచాడు. పరుపుల కొట్లో కుర్చీ బెంగ లేకపోతే ఆ క్షణం వాడికి పండగ.

దీపాలు వేశాక తమ్ముడు అమ్మని అడిగాడు, మరి హాల్లో ఎందుకు మూసుకోలేదని.

"ఆ నడకకి నేనెందుకు భయపడతానురా?" అంది అమ్మ. "మొదటి అడుగుకే పోల్చుకున్నాను. ముప్పయ్యేళ్లు ఆ నడక విని స్టవ్ వెలిగించాను."

తమ్ముడు అలమర వైపు చూశాడు. లేచి వెళ్లి బూట్లు తీసి, ఎడమ నాడాని బొటనవేలితో కదిపి చూశాడు. అది కదిలింది.

"నాన్న పోయాక కూడా సాయంత్రం ఆ వేళకి పేకముక్కలు పట్టుకుని కూర్చునేవాణ్ణక్కా" అన్నాడు. "దాచాల్సిన పని లేదు. మలుపులో ఏ చప్పుడూ రాదు. నాకు తెలిసిన భయం అదొక్కటే. దాన్నే సినిమా తీశాను. అందుకే ఆయనకి అడుగులు వద్దన్నాను."

ఈ కథని వాడు నాకు ఎన్నిసార్లు చెప్పబోయాడో, నేను ఎన్నిసార్లు చెవులు మూసుకున్నానో గుర్తొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఏడ్చాను. మా ఆయన అద్దం అవతల హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. సరేరా, ఆ మీట నొక్కేస్తాం, కొట్టుకి వెళ్లాల్సొస్తే వెళ్దువుగాని, నీ సినిమా మాత్రం నీదే అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. "ఇవాళ హాల్లో ఆ అడుగు వినగానే నేనేం చేశానో తెలుసా? ఒళ్లో ఉన్న పాప్‌కార్న్ తీసి సీటు కింద దాచేశాను. నిటారుగా కూర్చున్నాను కూడా."

ముందు మా ఆయన నవ్వారు. తర్వాత అమ్మ. ఏడుపు మధ్యలో నవ్వొస్తే ఎంత అసహ్యంగా ఉంటుందో నన్ను చూసి తెలుసుకోవాల్సిందే. వాడు కూడా నవ్వుతూనే, అడుగులు ఉంచెయ్యమన్నాడు. అదేమిట్రా, నువ్వు హారర్ తప్ప తీయనంటివి కదా, గుండె ఏమైంది, సిద్ధాంతం ఏమైంది అని నేను ఊరుకోకుండా గుచ్చాను.

"భయం రెండింట్లోనూ ఉందక్కా" అన్నాడు. "అడుగు వినపడితే పేకముక్కలు దాచుకోడానికి టైముంటుంది. అంతే తేడా. నాకు ఆ టైము కావాలి."

అప్పుడే ఓనరమ్మకి ఫోన్ చేసి ఔనని చెప్పేశాడు. ఇక ఆవిడ అడిగిన ఆఖరి అడుగులు మిగిలాయి. నేను మేజోళ్లు తొడుక్కోబోతూ ఆగి, నీ సినిమాకి నువ్వే నడవరా అని బూట్లు వాడి ముందుకి తోశాను. వాడికి మేజోళ్లు కూడా అక్కర్లేకపోయాయి. అచ్చంగా సరిపోయాయి.

మొదట ఘోరంగా నడిచాడు. ఎంతమందికో ఇలా నడు, అలా నడు అని చెప్పిన డైరెక్టరుగారు చెక్కమెట్ల మీద బాతులా తడబడ్డాడు. మైకు ముందు కాళ్లు ఎవరికైనా బిగుసుకుంటాయి. ఏమీ ఆలోచించకు, బస్సు దిగి ఇంటికొస్తున్నాననుకో అన్నాను. కళ్లు మూసుకున్నాడు. మా ఆయన వేలెత్తారు. టక్, టప్. టక్, టప్. గచ్చు దాటి మెట్ల మీదికి ఎక్కాడు. నా చేతులు వాటంతటవే ఒళ్లో ఉన్న ఫోన్‌ని తిరగేసి పెట్టాయి. ఆఖరి మెట్టు మీద టప్. వాడు ఆగాడు. అంతా నిశ్శబ్దం.

అప్పుడు వంటింట్లోంచి స్టవ్ లైటర్ టిక్కుమంది. ఇంకోసారి టిక్, ఆ వెనకే మంట భగ్గుమని అంటుకుంది. అమ్మ ఎప్పుడు లేచి వెళ్లిందో మేం చూసుకోలేదు, తలుపు వేయడం కూడా మర్చిపోయాం.

మా ఆయన అద్దం అవతలి నుంచి నా వైపు చూశారు. ఇది పాడైంది, తలుపు మూసి మళ్లీ తీద్దామా అని సైగ చేశారు. నేను తమ్ముడి వైపు చూశాను. వాడు మెట్టు మీద నిలబడి, కళ్లు తెరవకుండానే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఈలోగా టీ అయిందని అమ్మ కేకేసింది. వాడు బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వెళ్లాడు.

సినిమా ఆ హాల్లో ఆడుతూనే ఉంది. మామగారు కుర్చీ మీది ప్లాస్టిక్ కవరు చింపేసి తనే కూర్చుంటున్నారు. పరుపు కొనడానికి వచ్చినవాళ్లకి ముందు సినిమా కథ చెబుతున్నారు, అదీ చివరి నుంచి. తెర నల్లబడ్డాక వినిపించే ఆ టిక్కు ఏమిటని జనం వాదించుకుంటున్నారు. తుపాకీ అని కొందరు, గడియారమని కొందరు. తమ్ముణ్ణి అడిగితే రెండో భాగంలో తెలుస్తుందని పెద్దమనిషిలా తప్పించుకుంటాడు.

అమ్మ ఇప్పటికి నాలుగుసార్లు చూసింది. ఒక్కసారీ కళ్లు మూసుకోలేదు. ఆ చోటు రాగానే పక్క సీటు వాళ్ల వైపు వంగి, "ఆ స్టవ్ మాదే" అని చెబుతుంది. ఎవరూ నమ్మరు.